మే నెలలో కోసిన ఆల్చిప్పలు

ఆల్చిప్పకు జ్వరం రాదు. మన ఒంట్లో క్రిములు చేరితే ఒళ్లు కాలుతుంది, ఆ వేడికి క్రిములు కొంత నీరసిస్తాయి. ఆల్చిప్పకు ఆ వీలు లేదు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే దాని ఒళ్లూ అంతే. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని రెండోసారి అడ్డుకునే ఏర్పాటు మనకున్నట్టు దానికి లేదు. దానికున్న సైన్యమంతా రక్తకణాలే. బయటినుంచి ఏది వచ్చినా అవే వెళ్లి చుట్టుముట్టాలి, మింగాలి, గాయమైతే పూడ్చాలి. నీళ్లు మరీ వేడెక్కితే ఆ కణాలు మందగిస్తాయి.

నా సర్వీసంతా ఈ సంగతి మీదే గడిచింది. సముద్రం ఒడ్డున ఒక పరిశోధన కేంద్రంలో ఆల్చిప్పల రక్తం సూదితో తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం నా పని. నీళ్లలో ఉప్పు తగ్గితే ఏమవుతుంది, ఎండ పెరిగితే ఏమవుతుంది, రెండూ ఒకేసారి మీద పడితే ఏమవుతుంది, ఇవే నా ప్రశ్నలు. ఎర్రుపాలెం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. ఆడపిల్ల గవర్నమెంటు ఉద్యోగం చేస్తోందంటే మా వాళ్లకు సంతోషమే గానీ, నత్తగుల్లలకు నెత్తురు పరీక్షలేమిటని పెళ్లిళ్లలో, పేరంటాల్లో నవ్వుకునేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. రిటైరైతే తగ్గుతుందన్నారు గానీ, తగ్గలేదు.

నేను రిటైరవడానికి కొద్ది సంవత్సరాల ముందు మా కేంద్రానికి ఒక పథకం వచ్చింది. భద్రాచలం వైపు అడవి అంచు గూడేల్లో, మహిళా సంఘాల చేత మంచినీటి ఆల్చిప్పల్లో ముత్యాలు పండించాలి. ఆల్చిప్పను కొద్దిగా తెరిచి, చిప్పను అంటుకుని ఉండే పల్చటి పొర కింద ఒక చిన్న పూస పెట్టి వదిలేస్తే, అది ఆ పూసను బయటికి తోసెయ్యలేక దాని చుట్టూ పొర మీద పొర పోసుకుంటుంది. ఏడాదికో, ఏడాదిన్నరకో ముత్యం తయారవుతుంది. అంటే ముత్యమనేది ఆ ప్రాణి తన గాయానికి తాను చేసుకునే వైద్యం. ఆ వైద్యం చేసుకునే ఓపిక దానికి ఉండాలి. లేకపోతే మన చేతికి వచ్చేది ముత్యం కాదు, కుళ్లిన కండ.

ప్రాజెక్టుకు ఇన్‌చార్జిగా మా కేంద్రంలోనే, నాకన్నా చిన్నవాడైన ఒక సైంటిస్టును వేశారు. బాగా చదువుకున్నవాడే, మాట తీరూ బాగుండేది. ఏ ఆఫీసులోకి వెళ్లినా పని చేయించుకుని వచ్చేవాడు. పూసలు పెట్టే ఆపరేషన్ల కోసం, నా పక్క బల్ల మీద చాలా కాలం పనిచేసిన టెక్నీషియన్ వచ్చాడు. ఆయన చేతి నేర్పు గొప్పది. నన్ను ‘అక్కా’ అని పిలిచేవాడు, ఇంట్లో శుభకార్యమైతే ముందు నాకే చెప్పేవాడు. ఇక నన్ను వేసింది ‘మీ ప్రాంతమే కదా, అక్కడి భాష మీకు తెలుసు కదా’ అని. జూలూరుపాడులో ఒక గది కిరాయికి తీసుకుని దిగాను.

మాకిచ్చిన గూడెం అక్కడినుంచి తారురోడ్డు వదిలి అడవిలోకి పోయే దారిలో ఉంది. కోయల ఊరు. తమలో తాము కోయలో మాట్లాడుకునేవాళ్లు, మాతో తెలుగులో. సంఘానికి పెద్దగా నా ఈడు మనిషి ఒకామె ఉండేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడమ్ అనేది. ఏది చెప్పినా వెంటనే తలూపే రకం కాదు. ఒకసారి అడిగి, ఆలోచించుకుని, మళ్లీ అడిగి, అప్పుడు ‘అవ్’ అనేది.

మొదటిసారి వెళ్లిన రోజే నన్ను అడిగింది.

“మా వాగుల గూడ చిప్పలున్నయ్ మేడమ్. గవి పనికిరావా?”

“చూద్దాం పద అక్కా.”

ఇద్దరం వాగులో దిగి కొన్ని ఏరాం. చిన్నవి, పల్చటివి. పూస పెడితే చిప్ప మూసుకోదు. ఆ మాటే చెప్పాను.

“గట్లైతే మీ తానకెల్లే తెప్పియ్యండ్రి,” అంది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

మేము అనుకున్నది వానలు వెనకపట్టి, నీళ్లు చల్లబడ్డాక, చలికాలం మొదట్లో పని మొదలుపెట్టాలని. కానీ ఆల్చిప్పలు సరఫరా చేసే కాంట్రాక్టరు ఖరారయ్యేసరికే చలికాలం దాటిపోయింది. ఏప్రిల్ ఆఖరులో డెల్టా కాలువల నుంచి లారీ వచ్చింది. సత్తుపల్లి దగ్గర బొగ్గు లారీల వెనక ఇరుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడిపోయిందట. తడిపి కప్పిన గోనెసంచులు మా దగ్గరికి వచ్చేసరికి అప్పడాల్లా ఎండిపోయి ఉన్నాయి. విప్పి చూస్తే కొన్ని అప్పటికే చచ్చి చిప్పలు తెరిచేశాయి. మిగిలినవాటిని గూడెం పక్క కుంటలోకి దించి, ‘వీటిని చలికాలం దాకా ముట్టుకోకూడదు, ముందు కోలుకోవాలి’ అని అందరికీ చెప్పాను.

వారం తిరక్కుండా ఇన్‌చార్జి జీపులో వచ్చాడు. కుంట గట్టు మీద రేకుల షెడ్డు ఒకటి వేయించుకున్నాం. అందులో నేనూ టెక్నీషియనూ ఉన్నాం.

“మేడమ్, డేటు ఖరారైందండీ. మే నెలలో ప్రారంభోత్సవం. పైనుంచి పెద్దాయన వస్తున్నారు. పూసలు పెట్టినవి ఆయన చేతులతో కుంటలో దించాలి,” అన్నాడు.

“ఈ ఎండల్లో కత్తి పెట్టకూడదు సార్. మధ్యాహ్నం ఒకసారి కుంటలో చెయ్యి పెట్టి చూడండి.”

“మీ సెమినారు నేను విన్నానండీ. ఆల్చిప్పంత గట్టి ప్రాణి లేదని మీరే చెప్పారు. ఆటుపోట్లలో నీళ్లు వెనక్కిపోతే ఎండలో చిప్ప మూసుకుని గంటలకొద్దీ కూర్చుంటుందన్నారు. ఇవీ తట్టుకుంటాయండీ.”

“నేను చెప్పింది సముద్రపు ఆల్చిప్ప సంగతి. అదైనా ఊరికే కూర్చోదు. మూసుకున్నంతసేపూ తిండి ఉండదు, గాలి ఉండదు. ఒంట్లో ఉన్నది కరగదీసుకుంటూ కూర్చుంటుంది. ఒక కష్టమైతే ఓర్చుకుంటుంది సార్. వీటికి ప్రయాణం ఒకటైంది, ఎండ రెండోది. పైనుంచి మనం కత్తి కూడా పెడితే చస్తాయి.”

“అన్నీ చావవు కదండీ.”

“పోనీ, కోసిన తర్వాత కొన్నాళ్లు నీడలో, తొట్లలో, మందు నీళ్లలో పెట్టాలి. దానికైనా టైమివ్వండి.”

“ఆయన తొట్లు చూడ్డానికి రావట్లేదు మేడమ్.”

నేను టెక్నీషియన్ వైపు చూశాను. “అక్క చెప్పింది నిజమే సార్. ఎండాకాలంలో మనమెప్పుడూ చెయ్యలేదు,” అన్నాడు ఆయన. నా పక్కనే నిలబడి, స్పష్టంగా అన్నాడు.

“అయితే ఈసారి చేసి చూద్దాం,” అని ఇన్‌చార్జి జీపెక్కాడు.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. ఆ అడవి ఊళ్లలో ఎండాకాలపు సంపాదన అంటే అదే. తెల్లారకముందే అడవిలోకి పోయి ఆకు కోసి, కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. కొద్ది రోజులు దాటితే ఆకు ముదిరిపోతుంది, ఎవరూ కొనరు. ఆ రోజుల్లోనే ఆల్చిప్పలను నీళ్లలో వేలాడదీసే వల సంచులు అల్లడం, తొట్లు కడగడం, ప్రారంభోత్సవానికి రిహార్సలు. సంఘం పెద్ద నా గదికి వచ్చింది.

“ఆకుకు పోవద్దంటుండు సారు. ఏం జెయ్యాలె మేడమ్?”

“నువ్వు చెప్పలేదా?”

“చెప్పిన. రానోళ్ల పేర్లు సంఘంలకెల్లి తీసేస్తమన్నడు. నువ్వు జెప్పు, గియి బతుకుతయా?”

“ఈ ఎండకు బతుకుతాయన్న నమ్మకం నాకు లేదక్కా. ఆ మాట సారుకూ చెప్పాను.”

“పేర్లు తీస్తె మల్ల ఏ స్కీము రాదు,” అంది ఆమె. ఆ ఏడు ఆ సంఘంలో ఎవరూ ఆకుకు పోలేదు.

ప్రారంభోత్సవం ముందు రోజు నుంచీ టెక్నీషియన్ తల ఎత్తకుండా ఆపరేషన్లు చేశాడు. ప్రారంభోత్సవం రోజు ఉదయం సంఘం ఆడవాళ్లందరికీ తెల్ల గ్లౌజులు, ఆప్రాన్లు, టోపీలు ఇచ్చారు. పెద్దాయన ఉదయం రావలసింది, మిట్టమధ్యాహ్నానికి వచ్చాడు. అప్పటిదాకా పూసలు పెట్టిన ఆల్చిప్పలు టార్పాలిన్ కింద తొట్లలో ఉడుకుతూ ఉన్నాయి. ఆ నీళ్లు చల్లబరచడానికని నేను జూలూరుపాడు నుంచి ఐసు గడ్డలు తెప్పించాను. చూస్తే వాటిలో కూల్‌డ్రింకు సీసాలు గుచ్చి ఉన్నాయి. “అతిథులకండీ,” అన్నాడు ఎవరో. పెద్దాయన ఒక వల సంచిని కుంటలో దించి, చెయ్యి తుడుచుకుని, అడవి బిడ్డల జీవితాల్లో ముత్యాల వెలుగు అని ఏదో అన్నాడు. చప్పట్లు కొట్టాం. కార్లు వెళ్లిపోయాక ఫోటోగ్రాఫరు గ్లౌజులూ ఆప్రాన్లూ టోపీలూ అన్నీ తిరిగి తీసుకుని సంచిలో వేసి జీపులో పెట్టించాడు. ఇంకో ఊళ్లో ఇంకో ప్రారంభోత్సవం ఉందట.

కొన్నాళ్లకే ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

“మేడమ్, చిప్పలు నోర్లు తెరుస్తున్నయ్. ముట్టుకున్నా మూస్తలెవ్వు.”

నేను వెళ్లేసరికి కుంట గట్టు ఇంకా కనబడకముందే వాసన వచ్చింది. మోకాళ్లకు పైగా నీళ్లలో నిలబడి ఆడవాళ్లు ఒక్కో సంచీ విప్పి చచ్చినవాటిని ఏరి పారేస్తున్నారు. ఒకటి కుళ్లితే సంచిలో ఉన్నవన్నీ పోతాయని నేను నేర్పిన పాఠమే. ఒట్టి చేతులు. చిప్పల అంచులు కోసుకుని వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకున్నారు. నేను కొనప్రాణంతో ఉన్నవాటి రక్తం తీసి చూశాను. కణాలు పల్చబడిపోయాయి, ఉన్నవి కదలకుండా ముద్దలుగా పడి ఉన్నాయి. క్రిములు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. కోత పెట్టిన చోట గాయం పూడలేదు. పూస చుట్టూ ఒక్క పొర కూడా లేదు.

మిగిలినవాటినైనా దక్కించుకోవాలని, వాగు వైపు మద్దిచెట్ల నీడ పడే మూలకు సంచులన్నీ మార్పించాను. తాళ్లు పొడవు చేసి, బురదకు తగలకుండా, అడుగున చల్లటి నీళ్లలోకి దించాం. రోజంతా పట్టింది. ఆ మూలకు చేరినవాటిలో కొన్ని బతికాయి. ఇన్‌చార్జికి ఫోన్ చేసి అంతా చెప్పాను. “సరేనండీ, రివ్యూలో చూసుకుందాం,” అన్నాడు.

రివ్యూ మీటింగు జిల్లా కేంద్రంలో, పెద్ద హాల్లో జరిగింది. జిల్లా ఆఫీసరు ఒకావిడ. రకరకాల పథకాల వాళ్లు వరసలు కట్టి కూర్చున్నారు, వెనక వరసలో మా సంఘం ఆడవాళ్లు కూడా. మా వంతు వచ్చినప్పుడు ఇన్‌చార్జి తెర మీద రెండు ఫోటోలు వేశాడు. ఒకటి ప్రారంభోత్సవం, తెల్ల గ్లౌజుల్లో సంఘం. రెండోది ఎవరో ఫోన్‌లో తీసినది, కుంటలో ఒట్టి చేతులతో చచ్చినవి ఏరుతున్న ఆడవాళ్లు. కింద పెద్ద అక్షరాలు: ‘నష్టానికి కారణం: లబ్ధిదారుల అపరిశుభ్రత.’

“శిక్షణ ఇచ్చామండీ. గ్లౌజులు కూడా ఇచ్చాం. వాళ్లు వాడలేదు. ఇన్‌ఫెక్షన్ వచ్చేసింది,” అన్నాడు.

వెనక వరసలోంచి సంఘం పెద్ద లేచింది. “గ్లౌజులు ఫోటువ దిగినంక సంచిల ఏస్కొని మీరే తీస్కపోయిండ్రు గదా సారూ.”

హాల్లో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె హాస్యం చెప్పినట్టు నవ్వారు.

“కూర్చోమ్మా. నిన్నెవరూ తప్పు పట్టడం లేదు,” అంది ఆఫీసరు.

“పట్టిండ్రు మేడమ్. గాడ రాసే ఉండె,” అని తెర వైపు చెయ్యి చూపించింది.

నేను లేచాను. ఎండలో తెచ్చామని, ఎండలో కోశామని, కోలుకోవడానికి టైమివ్వకుండా కుంటలో వేశామని, చేతులు కడుక్కోకపోవడం వల్ల ఇంత చావు రాదని చెప్పాను. ముందే వద్దన్నామని కూడా చెప్పాను.

“మేడమ్ అలా అన్నట్టు నాకు గుర్తు లేదండీ,” అన్నాడు ఇన్‌చార్జి, చాలా మర్యాదగా.

నేను టెక్నీషియన్ వైపు తిరిగాను. “చెప్పు తమ్ముడూ. ఆ రోజు షెడ్డులో నువ్వూ ఉన్నావు. ఎండాకాలంలో ఎప్పుడూ చెయ్యలేదని అన్నది నువ్వే.”

ఆయన ముందున్న నీళ్ల సీసాను కొంచెం ఎడమకు జరిపాడు. మళ్లీ కుడికి జరిపాడు. “ఆ రోజు చాలా విషయాలు మాట్లాడుకున్నామండీ,” అన్నాడు.

ఆఫీసరు గడియారం చూసుకుంది. “ఇది మీ టెక్నికల్ విషయం, మీరే తేల్చుకోండి. ఏవైనా బతికి ఉన్నాయా?” అని అడిగింది. నీడలో, అడుగుకు దించినవి కొన్ని బతికాయని నేనే చెప్పాను. ఇన్‌చార్జి తలెత్తి నా వైపు ఆసక్తిగా చూడటం గమనించాను గానీ ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

బయట టెక్నీషియన్ నా వెనకే వచ్చాడు. “నాకింకా చాలా సర్వీసుంది అక్కా. పిల్లల చదువులున్నాయి,” అన్నాడు. నేను ఆగకుండా బస్టాండు వైపు నడిచాను. నా రిటైర్మెంటు సభకు శాలువా పట్టుకుని వచ్చాడు. అది వేరేవాళ్ల చేత కప్పించుకున్నాను. క్షమించమని మీలో కొందరు నాకు సలహా ఇస్తారని తెలుసు. ఆ హాల్లో కూర్చున్న ఆడవాళ్లను అడిగి రండి, అప్పుడు మాట్లాడదాం.

బస్టాండులో నేనూ సంఘం పెద్దా చాయ్ తాగాం. ఆమె నన్ను మెచ్చుకుంటుందని నాలో ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. ఆమె మెచ్చుకోలేదు.

“మీరు మీరు కొట్లాడుకున్నరు మేడమ్. మాకేమొచ్చె? మేం లేసొచ్చేదాంక మా పేరు గా తెర మీదనే ఉండె,” అంది.

నిజమే. ఆ ఏడు రావలసిన మేకల పథకం ఆ గూడేనికి రాలేదు. ‘పనితీరు బాగాలేని సంఘం’ అన్నారు.

నాకు అసలు కోపం ఏ మాట మీదో చెప్తాను. ‘తట్టుకుంటాయి’ అనే మాట మీద. ఒక ప్రాణి ఎంత బాధ ఓర్చుకుంటుందో మేము జీవితమంతా కొలిచాం. ఎక్కడ ఆగాలో తెలియడానికి కొలిచాం. ఆ కొలతను తీసుకెళ్లి, అంతదాకా బాధ పెట్టవచ్చన్న అనుమతిగా మార్చుకున్నారు. ఆ మాట మా దగ్గర ఆల్చిప్పల గురించి వాడినవాళ్లే, ‘వీళ్లకు ఎండ అలవాటేనండీ, అడవి మనుషులు, తట్టుకుంటారు’ అని ప్రారంభోత్సవం రోజున నీడ లేకుండా ఆ ఆడవాళ్లను గట్టు మీద నిలబెట్టారు. మీరు రేపు ఏ ప్రాణి ఓర్పు గురించి రాసినా, అది ఎప్పుడు చస్తుందో కూడా పక్కనే రాయండి. అదే పెద్ద అక్షరాలతో రాయండి.

వానలు మొదలయ్యాక నన్ను తిరిగి కేంద్రానికి రమ్మని ఉత్తర్వు వచ్చింది. వెళ్లేముందు ఇన్‌చార్జి మళ్లీ జీపులో వచ్చాడు. మంచి హుషారుగా ఉన్నాడు. ఎక్కడో పెద్ద సదస్సు ఉందట.

“మేడమ్, ఆ బతికిన ఆల్చిప్పల్ని తీసుకెళ్లిపోదామండీ. అంత ఎండలోనూ బతికాయంటే వాటిలో ఏదో ఉంది. వేడిని తట్టుకునే రకం అని సదస్సులో పెడదాం. మీ పేరు కూడా వేస్తాను.”

“వాటిలో ఏమీ లేదు సార్. అవి నీడలో ఉన్నాయి.”

ఆయన నవ్వి, జీపెక్కమన్నాడు. దారి పొడుగునా ఆ సదస్సు గురించే చెప్పాడు.

కుంట దగ్గరికి వెళ్తే వల సంచులు మునగకుండా కట్టిన ప్లాస్టిక్ సీసాలన్నీ గట్టున కుప్పగా పడి ఉన్నాయి. వల సంచులు కంచె మీద ఆరేసి ఉన్నాయి. అన్నీ ఖాళీ. కబురు పెడితే సంఘం పెద్ద పొలంలోంచి వచ్చింది, మోకాళ్ల దాకా బురదతో.

“ఆల్చిప్పలేవమ్మా?” అన్నాడు ఇన్‌చార్జి.

“వాగుల ఇడిసినం.”

“ఎవర్నడిగి వదిలేశారు?”

“మా చేతులు మురికియంటిరి గద సారూ. మల్ల మురికి జెయ్యొద్దని ఇడిసినం.”

“అవి గవర్నమెంటు ప్రాపర్టీ. తెలుసా నీకు?”

“అవ్. వాగు గూడ సర్కారుదే. ఏరుకోండ్రి.”

ఆమె గొంతు పెంచలేదు. వాగు అక్కడినుంచి కనబడుతూనే ఉంది. పైన అడవిలో కురిసిన వానకు ఒడ్లు ఒరుసుకుని, ఎర్రగా, కొమ్మల్నీ చెత్తనీ మోసుకుంటూ పోతోంది. ఇన్‌చార్జి కాసేపు ఆ నీళ్ల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“మీకు తెలుసా ఈ సంగతి?”

“తెలియదు.” నాకు నిజంగానే తెలియదు. ఆమె నాకూ చెప్పలేదు. చెప్పనందుకు నాకేమీ బాధ కలగలేదు.

ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎవరు చేశారో చూసి, ఎత్తకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “సరే. అన్నీ చచ్చిపోయాయని మీరు ఒక రిపోర్టు ఇచ్చెయ్యండి మేడమ్,” అన్నాడు.

“చావలేదు కదా సార్.”

“మరి ఏమని రాస్తాం?”

“వాగులో వదిలేశారని రాయండి. ఎందుకు వదిలేశారో కూడా రాయండి. చచ్చాయని నేను మాత్రం రాయను.”

ఆయన ముఖం ఎర్రబడింది. వెళ్లి జీపెక్కి తలుపు గట్టిగా వేసుకున్నాడు. డ్రైవరు నా కోసం ఇంజను ఆపకుండా చూస్తున్నాడు. వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాను. జీపు మలుపు తిరిగి చెట్ల వెనక్కి పోయింది. ఎవరినైనా కొట్టాలనిపించేంత కోపం, కొట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

“బస్సు పొద్దుగూకంగ వస్తది,” అంది ఆమె. నన్ను పైకీ కిందికీ ఒకసారి చూసింది. “నాటుకు మనిషి తక్కువున్నది. వస్తవా?”

చెప్పులు గట్టున వదిలి, చీర ఎగదోపి, పొలంలోకి దిగాను. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. చిన్నప్పుడు మా పొలంలో వేసిన నాట్లు చేతులకు గుర్తున్నాయి గానీ నడుముకు గుర్తు లేవు. నేను నారు కట్ట విప్పి, ఒక్కో మొక్కనూ మణికట్టు మునిగేదాకా బురదలోకి గుచ్చుతూ పోయాను.

కొంతసేపు చూసి, ఆమె పక్క వరసలోంచి అంది:

“గంత లోతుకు గుచ్చకు మేడమ్. కుళ్లుతయ్.”